బానిసలకు సువార్త చెప్పడానికి ఇద్దరు మొరేవియన్ యువకులు తమను తాము బానిసలుగా అమ్ముకున్నారా?

అమ్ముకోలేదు. కానీ అవసరమైతే అందుకూ సిద్ధపడే బయలుదేరారు. కుమ్మరి లియొనార్డ్ డోబర్, వడ్రంగి డేవిడ్ నిచ్‌మన్ 1732 ఆగస్టులో మొరేవియన్లు అనే ప్రొటెస్టెంట్ సంఘంవాళ్లకు కేంద్రమైన జర్మనీలోని హెర్న్‌హూట్ విడిచి, డిసెంబరులో కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవిలో దిగారు. అప్పుడది డెన్మార్క్ ఏలుబడిలో ఉంది. తెల్లవాళ్లను బానిసలుగా తీసుకునే పద్ధతే అక్కడ లేదు. నిచ్‌మన్ వడ్రంగం చేసి ఇద్దరి పొట్టా నింపాడు. డోబర్‌కు కుండలకు పనికొచ్చే మట్టి కూడా దొరకలేదు.

నేను ఈ కథ మొదట విన్నది పదమూడేళ్ల వయసులో, మా ఊరి ఉజ్జీవ కూటాల్లో. ఓడ కదులుతుంటే రేవులో తల్లులు ఏడ్చారని ప్రసంగీకుడు చెబుతుంటే పందిరంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా అమ్మమ్మ మాత్రం ఏడవలేదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఆ ఇద్దరూ మగవాళ్లే కదా నాయనా, అక్కడి ఆడవాళ్ల గుడిసెలకు ఎవరు వెళ్లారు?" అని అడిగింది. ఆమె ముప్పై ఏళ్లు బైబిలు స్త్రీగా పనిచేసింది. గుడ్డసంచిలో బైబిలు, చేతిలో గొడుగు, రోజుకో పల్లె. ఏ ఇంట్లోకి ఎవరు అడుగుపెట్టగలరో ఆమెకు బాగా తెలుసు.

జవాబు నాకు ఉద్యోగంలో చేరాక దొరికింది. ఆమె పేరు రెబెక్కా. ఆంటిగ్వా దీవిలో పుట్టి, చిన్నతనంలోనే సెయింట్ థామస్‌కు బానిసగా అమ్ముడై, తర్వాత విడుదల పొందింది. 1736లో ఫ్రెడ్రిక్ మార్టిన్ అనే మిషనరీ వచ్చేనాటికే ఆమెకు డచ్చి చదవడం వచ్చు. పగలంతా చెరుకు తోటల్లో చాకిరీ చేసిన ఆడవాళ్లకు సాయంత్రాలు కొండదారిన నడిచి వెళ్లి పాఠం చెప్పేది. మిషనరీ ఫ్రాయిండ్లిష్‌ను పెళ్లాడితే అధికారులు ఆ పెళ్లి చెల్లదన్నారు; దంపతులనూ మార్టిన్‌నూ జైల్లో పెట్టారు. 1739 జనవరిలో మొరేవియన్ల నాయకుడు జిన్జెండార్ఫ్ ప్రభువు దీవికి వచ్చాకే విడుదలయ్యారు. ఇదంతా అమ్మమ్మకు చదివి వినిపిస్తే, "చీకట్లో ఒక్కతే వెళ్లేదా?" అని రెండుసార్లు అడిగింది.

ఓడ కథను ఫోనుల్లో పంపేవాళ్లు దాచేసే సంగతి మరొకటి ఉంది. కొద్దికాలానికే మొరేవియన్లు అదే దీవిలో ఒక తోట కొన్నారు, అందులోని బానిసలతో సహా! యజమానులకు లోబడి ఉండమని జిన్జెండార్ఫే బానిసలకు బోధించాడు. కొరడా దెబ్బలకు ఓర్చి కూటాలకు వచ్చిన ఆ బానిసలే అక్కడ సంఘాన్ని నిలబెట్టారు. నా దృష్టిలో కరీబియన్ మిషన్ చరిత్రంటే వాళ్ల చరిత్రే. ప్రసంగాల్లో వాళ్ల పేర్లు ఎందుకు వినపడవు? ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం.

మన దగ్గరా అంతే. మా సంఘం శతాబ్ది సంచికలో పాత ఫొటో ఒకటి వేశారు. కుర్చీల్లో కూర్చున్న దొరగారికీ దొరసానికీ పూర్తి పేర్లు రాశారు. వెనక నిలబడ్డ ఏడుగురికీ కలిపి "బైబిలు స్త్రీలు" అని ఒక్క మాట. రెబెక్కాకైనా రెండో భర్తతో, బిడ్డతో కలిపి అప్పటి మొరేవియన్ చిత్రకారుడు గీసిన బొమ్మ ఉంది, అందులో ఉన్నది ఆమేనని తెలుసు. మా సంచికలో ఎడమనుంచి మూడో ఆవిడ మా అమ్మమ్మ. పేరు సుందరమ్మ.