గుర్రపు నాడా దీపం

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది జయపురం. రెండేళ్ల కిందట విశాఖలో ఒకరి దగ్గర రెండు సీట్ల స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2015 మోడల్. బండి పేరు వేయకండి, మా ఊళ్లో అలాంటిది ఒక్కటే ఉంది. నెల రోజులుగా గుర్రపు నాడా ఆకారంలో ఉండే టైరు గాలి హెచ్చరిక దీపం నన్ను వదలడం లేదు. స్టార్ట్ చేయగానే నిమిషం పైగా మిణుకుమిణుకుమంటుంది, తరవాత వెలుగుతూనే ఉంటుంది. వెనక కుడి చక్రం దగ్గర అంకె ఉండాల్సిన చోట గీతలు కనిపిస్తున్నాయి. మిగతా మూడింటికీ అంకెలు వస్తాయి గానీ పొద్దున్నే 29, మధ్యాహ్నానికి 33. డిసెంబరులో విశాఖ నుంచి వస్తుంటే సాలూరు దాటాక ఆ చక్రానికే పంక్చర్ పడింది. అక్కడ టైరులో పంక్చర్ కంత మూసే లిక్విడ్ పోయించాను. ఒక మెకానిక్ చక్రాల్లో గాలి కొలిచే నాలుగు సెన్సార్లూ మార్చేయమన్నాడు. ఇంకొకాయన దీపం మీద నల్ల టేపు అతికించేయమన్నాడు. ఘాట్ ఎక్కాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: టేపు సలహా ఇచ్చినాయన దగ్గరికి మళ్లీ వెళ్లకండి బాబూ. మీ బండి టైర్ల గోడలు పొట్టిగా, గట్టిగా ఉంటాయి. సగం గాలి పోయినా పైకి చూస్తే మామూలుగానే కనిపిస్తాయి. మా బరంపురంలో అంబాసిడర్ల కాలంలోలాగా కాలితో తన్ని చూస్తే తెలిసే టైర్లు కావవి.

మీ ఉత్తరంలో రెండు జబ్బులు కలిసిపోయాయి. అసలు ఒకటి జబ్బే కాదు. ముందు దాని సంగతి చూద్దాం.

29, 33 అంకెలు చూసి బెంగపడకండి. టైరులో గాలి ఆరు డిగ్రీలు చల్లబడితే దాదాపు ఒక పాయింటు (పీఎస్‌ఐ) తగ్గుతుంది. ఎండలో తిరిగొచ్చిన టైరులో గాలి 35 డిగ్రీలుండగా 33 కొట్టించారనుకోండి. మర్నాడు తెల్లారి కోరాపుట్ చలిలో అది 10 డిగ్రీలకు దిగితే నాలుగు పాయింట్లు పోతాయి. మీరు చూసిన 29 అదే. మీ సెన్సార్లు నిజమే చెబుతున్నాయి, గాలి కొట్టించిన వేళే తప్పు. బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీదున్న అంకె ప్రకారం కొట్టించండి. ముందు చక్రాలకు ఒకటి, వెనక వాటికి ఒకటి ఉంటుంది, కలిపేయకండి. సొంత గేజి ఒకటి కొనుక్కోండి. బంకు మెషీన్ల మీద నాకు నమ్మకం లేదు.

ఇక అసలు జబ్బు. ఆ గుర్రపు నాడా గుర్తు ఎలా వెలుగుతోందన్నదాంట్లోనే సగం జవాబుంది. మిణుకుమనకుండా నేరుగా వెలిగి నిలిచిందంటే ఏదో టైరులో గాలి తక్కువని. నిమిషం, నిమిషంన్నర మిణుకుమని ఆపైన నిలిచిపోయిందంటే గాలి సంగతి కాదు, సిస్టమే చెడిందని. మీది రెండోది. గీతలు కనిపిస్తున్నాయంటే ఆ చక్రం నుంచి కబురే అందడం లేదు.

అందరూ లిక్విడ్‌నే అనుమానిస్తారు, మీరూ అదే అనుకుని ఉంటారు. నాకు మాత్రం అటు మొగ్గు లేదు. లిక్విడ్ సెన్సార్ మీదున్న చిన్న కంతలో గడ్డకడితే అంకె ఒకే చోట కదలకుండా నిలిచిపోతుంది, లేదా తప్పు అంకె వస్తుంది. గీతలు రావాలంటే సెన్సార్ రేడియో తరంగాల మీద కబురు పంపడమే మానేసి ఉండాలి. పైగా పంక్చర్ డిసెంబరులో పడితే దీపం మొదలై నెలే అయింది అంటున్నారు. మీరు రాయలేదు గానీ, ఈమధ్య ఆ టైరు విప్పించి సరిగ్గా ప్యాచ్ వేయించారా? వేయించి ఉంటే నా అనుమానం టైరు విప్పే మెషీను మీదకే పోతుంది. సెన్సార్ వాల్వుకు లోపలి వైపున, రిమ్ముకు అంటుకుని ఉంటుంది. టైరు అంచును (బీడు) నొక్కే మెషీను పార వాల్వు పక్కన పడిందంటే సెన్సార్ పటుక్కుమంటుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఒక విశ్వకర్మ పూజ మర్నాడు, ప్రసాదం మత్తు ఇంకా దిగకుండానే, ఓ పెద్దమనిషి కారుకి నా చేత్తోనే విరగ్గొట్టాను. నా డబ్బుతోనే కొత్తది వేశాను. అప్పటినుంచి మా షెడ్డులో వాల్వు పక్కన రిమ్ము మీద సుద్దతో గీత గీయకుండా ఎవరూ పార దించరు.

టైరు విప్పించి ఉండకపోతే లోపలి సెల్ అయిపోయి ఉంటుంది. అది లిథియం బిళ్ల. అయిదు నుంచి పదేళ్లు వస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు సెన్సార్ నిద్రపోతుంది, కదిలితే లేచి కబుర్లు పంపుతుంది. కాబట్టి ఎక్కువ తిరిగిన బండిలో సెల్ తొందరగా అయిపోతుంది. అది ముందుగా చలికి లొంగుతుంది. తెల్లారి గీతలు, ఎండెక్కాక అంకె, ఇలా కొన్నాళ్లు నడిచిందేమో గుర్తు చేసుకోండి. నడిచుంటే సెల్లే.

ఊహతో సెన్సార్ కొనకండి. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో టైరు గాలి సెన్సార్లను పరీక్షించే టీపీఎంఎస్ టూల్ ఉన్న చోటుకి వెళ్లండి. దాన్ని వాల్వు దగ్గర టైరుకు ఆనించి మీట నొక్కితే సెన్సార్ నిద్ర లేచి తన నంబరు, గాలి, వేడి చెబుతుంది. పలికిందంటే సెన్సార్ బాగానే ఉంది, బండి కంప్యూటర్లో దాని నంబరు నమోదు కాలేదన్నమాట. టైరు విప్పే పని లేదు, నంబరు ఎక్కిస్తే చాలు. పలకలేదంటే అది పోయినట్టే. వెళ్లే ముందు ఒక రోజు డాష్‌క్యామ్, మొబైల్ చార్జరు పీకేసి అరగంట నడిపి చూడండి. చవక చార్జర్లు ఆ రేడియో తరంగాల్లో రొద చేస్తాయి. మూడు చక్రాలు పలుకుతున్నాయి కాబట్టి మీ విషయంలో అది కాకపోవచ్చు. అయినా ఖర్చు లేని పరీక్షే కదా.

నాలుగూ మార్చమన్న మెకానిక్ మాటలో కొంత నిజముంది. అన్నీ ఒకే వయసువైతే తక్కినవీ ఒకదాని వెనక ఒకటి పోతాయి. కానీ ఈ రోజే అక్కర్లేదు. టైర్లు అరిగి కొత్తవి వేయించే రోజు ఎటూ విప్పుతారు, అప్పుడు నాలుగూ వేయించండి. ఇప్పుడు పోయినదొక్కటి చాలు. కొనేటప్పుడు 433 మెగాహెర్ట్జ్‌దా అని అడగండి. మన దేశంలో అమ్మిన బండ్లకు సాధారణంగా అదే. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే అమెరికా సరుకులో చాలావరకు 315 మెగాహెర్ట్జ్‌ది. చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి, మీ బండికి మాత్రం దాని మాట వినపడదు. సెన్సార్ వేసేటప్పుడు ఆ పాత లిక్విడ్ అంతా కడిగించేయండి. లేకపోతే కొత్తదాని కంతలోకీ అదే చేరుతుంది.

ప్రశ్న: గోపాలపూర్ బీచ్ దగ్గర ఉంటాం. సెన్సార్ ఉన్న వాల్వు మీద ఇత్తడి మూత బిగుసుకుపోయింది. పట్టకారుతో తిప్పెయ్యనా?

జవాబు: వద్దమ్మా. వాల్వు గొట్టం (స్టెమ్ము) అల్యూమినియంది, మూత ఇత్తడిది. మధ్యలో ఉప్పుగాలి. ఇత్తడి పక్కనున్న అల్యూమినియం తుప్పు పట్టి రెండూ అతుక్కుపోయాయి. బలవంతం చేస్తే స్టెమ్ము మొదలంటా విరిగి గాలి ఒక్కసారిగా పోతుంది. తుప్పు వదిలే నూనె వేసి ఒక రాత్రి ఉంచండి. రాకపోతే టైరు షాపులోనే తీయించండి, విరిగినా అక్కడ దిక్కుంటుంది. ఇకపై ప్లాస్టిక్ మూత, వాల్వు లోపల నికెల్ పూత పిన్ను వాడండి.

ప్రశ్న: సెన్సార్‌ను కోసి కొత్త సెల్ సోల్డరింగ్ చేస్తానంటున్నాడు మా పర్లాకిమిడిలో సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడు. చేయించవచ్చా?

జవాబు: కుర్రాడి చేతిపనిని తప్పుపట్టను గానీ, వద్దు. నేనూ ఒకసారి సెల్‌ను కప్పి ఉంచే గట్టి జిగురు తవ్వి సెల్ మార్చాను. బల్ల మీద వారం రోజులు చక్కగా పలికింది. చక్రంలో పెట్టి సాలూరు ఘాట్ దిగేసరికి లోపల గలగలమంది.