నాన్నగారి మెయిల్ నుంచి గ్రూప్ మొత్తానికి స్పామ్ వెళ్తోంది, పాస్‌వర్డ్ మార్చినా ఆగలేదు. ఏం చేయాలి?

బెంగళూరు మార్తహళ్లి తెలుగు కుటుంబాల మెయిలింగ్ గ్రూప్‌లో మీ నాన్నగారి పేరుతో డబ్బులడిగే మెయిళ్లు వస్తున్నాయని, పాస్‌వర్డ్ మార్చాక కూడా వచ్చాయని, గ్రూప్ వాళ్లు ఆయన్ని తీసేస్తామంటున్నారని రాశారు. నేను వైట్‌ఫీల్డ్‌లో ఇలాంటి గూగుల్ గ్రూప్‌నే కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. ఉగాది చందాలు, సంక్రాంతికి ఊరెళ్లే కార్లలో ఖాళీ సీట్లు, అద్దె ఇళ్లు, ఇవే మా మెయిళ్లు. మాకూ ఈ తలనొప్పి వచ్చింది.

అకౌంట్ నిజంగా వాళ్ల చేతిలో ఉందా, లేక ఆయన పేరు మాత్రమే వాడుకుంటున్నారా, ముందు అది తేల్చుకోండి. మెయిల్ పంపే పద్ధతి, అంటే ఎస్‌ఎంటీపీ, 1982 నాటిది. అందులో పంపినవారి దగ్గర ఎవరి పేరు రాసుకున్నా అడిగే నాథుడు లేడు. మెయిల్ నిజంగా ఆ అడ్రస్ తరఫునే వచ్చిందా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే తనిఖీలు తర్వాతెప్పుడో వచ్చాయి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ స్పామ్ మెయిల్ మూడు చుక్కల మీద నొక్కి 'షో ఒరిజినల్' చూడండి. డీకిమ్ ఎదురుగా పాస్ అని, పక్కన జీమెయిల్ డాట్ కామ్ అని ఉంటే అది దాదాపు ఖాయంగా ఆయన అకౌంట్ నుంచే వెళ్లింది. వేరే డొమైన్ ఉన్నా, ఫెయిల్ అని ఉన్నా పేరు వాడుకుంటున్నట్టే అనుకోవచ్చు. అప్పుడు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. ఒక మెలిక ఉంది: గ్రూప్ మీదుగా వచ్చిన కాపీలో గ్రూప్ సర్వర్ వివరాలు కలిసిపోయి తికమక పెడతాయి. ఎవరికైనా నేరుగా వచ్చిన కాపీ దొరికితే అందులో చూడండి.

అకౌంట్ నుంచే వెళ్తుంటే, మా గ్రూప్‌లో జరిగింది చెప్తాను. రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. ఆయన తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపుతారు. ఒకరోజు ఆయన దగ్గర్నుంచి తప్పు వెతికినా దొరకని ఇంగ్లీషులో మెయిల్ వచ్చింది: మేనకోడలి పుట్టినరోజు, ఫోన్ మాట్లాడే వీలు లేదు, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపగలరా అని. అందరికీ అనుమానం వచ్చింది. చాలామంది ఆయనకే జవాబు రాసి హెచ్చరించారు. ఆయనకు ఒక్కటీ అందలేదు!

వాళ్లింటికెళ్లి, డైనింగ్ టేబుల్ మీద ఆయన పాత ల్యాప్‌టాప్ తెరిచి సెట్టింగ్స్‌లోకి వెళ్తే సంగతి తెలిసింది. హ్యాక్, స్పామ్, ఫ్రాడ్ అనే మాటల్లో ఏది ఉన్నా ఆ మెయిల్ చదివినట్టు గుర్తు పెట్టి నేరుగా ట్రాష్‌లో పడేసేలా దొంగ ఒక ఫిల్టర్ పెట్టాడు. మిగతా మెయిళ్ల కాపీలు ఇంకో అడ్రస్‌కి ఫార్వర్డ్ అవుతున్నాయి. ఆ అడ్రస్ కూడా ఆయనదే అనిపిస్తుంది, ఇంటిపేరులో ఒక అక్షరం మాత్రం ఎక్కువ. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఈ ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ పోవు. పైగా ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో ఫిల్టర్ల జాబితా కనబడదు. ఫోన్‌లోనే అన్నీ చక్కబెట్టేవాళ్లకు ఇక్కడే దెబ్బ పడుతోంది. మీరూ ఫోన్‌లోనే మార్చి ఉంటారని నా అనుమానం.

కాబట్టి కంప్యూటర్ ముందు కూర్చోండి. పాస్‌వర్డ్ మళ్లీ మార్చి, గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో తెలియని డివైస్‌లన్నిటినీ సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ ఆయనవేనా చూడండి. అకౌంట్‌కు అనుమతి ఉన్న బయటి యాప్‌లలో తెలియనివి తీసేయండి. తర్వాత జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, వేరేవాళ్లకు ఇచ్చిన యాక్సెస్, చివరికి సిగ్నేచర్ కూడా చూడండి, అక్కడా లింకులు పెడతారు. అసలు లాగిన్ అవ్వలేకపోతే, ఆయన రోజూ వాడే ఫోన్ నుంచి, ఇంటి వైఫై మీదే రికవరీకి ప్రయత్నించండి. దొంగ రికవరీ నంబర్ మార్చినా, పాత నంబర్‌కి 7 రోజుల వరకు కోడ్ తెప్పించుకునే అవకాశం గూగుల్ ఇవ్వవచ్చు. అందుకే వారాంతం దాకా ఆగకండి.

ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టమనండి. బెంగళూరులో దీనికి విడిగా సీఈఎన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్య నేరాల) పోలీస్ స్టేషన్లు ఉన్నాయి, వైట్‌ఫీల్డ్‌లోనూ ఉంది.

ఇక గ్రూప్ సంగతి. ఆయన్ని తీసేయడం నాకు నచ్చదు. నష్టపోయిన మనిషినే దోషిని చేసినట్టవుతుంది, పెద్దవాళ్లకు అది మనసుకు తగులుతుంది. గ్రూప్ నడిపేవాళ్లను కొన్నాళ్లు అన్ని మెయిళ్లనూ మోడరేషన్‌లో పెట్టమనండి. ఏదొచ్చినా ముందు వాళ్లు చూసి వదులుతారు, స్పామ్ అక్కడే ఆగుతుంది. కొత్త సభ్యుల మెయిళ్లను ఎలాగూ మోడరేషన్‌లోనే ఉంచాలి, సభ్యుల జాబితా గ్రూప్ నడిపేవాళ్లకు మాత్రమే కనబడాలి. అన్నట్టు, గ్రూప్ మెయిల్ మీద అందరూ కోపంతో 'రిపోర్ట్ స్పామ్' నొక్కేస్తే రేపు అసలైన ఉగాది ఆహ్వానం కూడా స్పామ్‌లోకే పోవచ్చు. మాకు అదే జరిగింది. 'నన్ను గ్రూప్‌లోంచి తీసేయండి' అని అందరికీ రిప్లై కొట్టేవాళ్ల గురించి చెప్పక్కర్లేదు, ఒక్కోసారి స్పామ్ కంటే వాళ్ల మెయిళ్లే ఎక్కువ. అందరికీ కబురు ఆ మెయిల్ నుంచి కాకుండా వాట్సాప్‌లోనో ఫోన్‌లోనో చెప్పండి.

చివరగా టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) పెట్టి, బ్యాకప్ కోడ్‌లు 10 ఇస్తారు కదా, అవి ప్రింట్ తీసి నాన్నగారి పాస్‌బుక్ కవర్‌లో పెట్టండి. ముందైతే ఆ డీకిమ్ దగ్గర ఏముందో చూసి చెప్పండి, అడ్రస్‌లు మాత్రం చెరిపేసి పెట్టండి.