సిమ్యులేటర్ సంగతి తర్వాత, ముందు మీ హాస్టల్లో పింగ్ కొట్టి చూడండి

ప్రశ్న: ఎంటెక్ సీఎస్ఈ మొదటి సంవత్సరం. నెట్‌వర్క్ ఆర్కిటెక్చర్ మీద థీసిస్ చేద్దామనుకుంటున్నా. ఎన్ఎస్-3 సిమ్యులేటర్ నేర్చుకోవాలా, లాప్‌టాప్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టే మినినెట్ నేర్చుకోవాలా? ఏది సేఫ్?

"సేఫ్" అన్న మాట చూసి నవ్వొచ్చింది. 2013లో నేనూ మా గైడ్ గారిని ఇదే అడిగా, ఆయన "ఎన్ఎస్-2లో ఏదో ఒకటి చేసెయ్ నాన్నా, సేఫ్" అన్నారు, చేశా, డిగ్రీ వచ్చింది, ఆ థీసిస్ బైండింగ్ మటుకు ఇప్పటిదాకా నేను కూడా మళ్ళీ తెరవలేదు.

అదే టైమ్‌లో నేను చేసిన అసలు పని వేరే ఉంది, దానికి మార్కులు లేవు. అది చెప్తా.

మా హాస్టల్లో దాదాపు రెండొందల మందిమి, అందరికీ కలిపి 10 ఎంబీపీఎస్ లైను. మెట్ల కింద ఒక పాత డెస్క్‌టాప్, రెండు లాన్ కార్డులు, అందులో లినక్స్, సైడ్ ప్యానెల్ ఎప్పుడో ఊడిపోయింది, దాని మీద ఎవడో ఒకడు టవల్ ఆరేసేవాడు. అదే మా గేట్‌వే, అంటే హాస్టల్ నెట్ అంతా బయటికి పోయే ద్వారం, పది దాటకుండా లిమిట్ పెట్టింది కూడా అందులోనే. రాత్రి తొమ్మిదిన్నర అయితే చాలు నెట్ చచ్చిపోయేది. పేజీ సగం వచ్చి ఆగేది, స్కైప్‌లో ఇంటికి మాట్లాడితే అమ్మ "ఆఁ? ఆఁ?" అంటూనే ఉండేది. కంప్లయింట్ ఇస్తే నెట్ చూసేటాయన గ్రాఫ్ చూపించి "పదికి పదీ పోతోంది కదా, మీరే టొరెంట్లు పెట్టి తినేస్తున్నారు" అని వెళ్ళిపోయేవాడు. గ్రాఫ్ అబద్ధం కాదు, ఆయన చెప్పిందీ అబద్ధం కాదు, అదే అసలు తమాషా.

ఒక రాత్రి ఐపీఎల్ మ్యాచ్ నడుస్తోంది, నాకు నిద్ర పట్టక బయట సర్వర్ ఒకదానికి పింగ్ పెట్టి కూర్చున్నా, అంటే చిన్న ప్యాకెట్ పంపి అది తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడటం. పొద్దున పూట 40 మిల్లీసెకన్లు వచ్చేది. ఇప్పుడు 1240, 1238, 1251, 1243. వంద పెడితే పోయినవి ఒకటో రెండో. మిగతావన్నీ తిరిగొస్తున్నాయి, కాకపోతే సెకనుంపావు ఆలస్యంగా. పైగా ఆ అంకె ఊగట్లేదు, 1200 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. ట్రాఫిక్ ఎక్కువై ఇలా అవుతుంటే కిందా మీదా పడాలి కదా, ఇలా కదలకుండా ఎందుకుంది అని బుర్ర తొలిచేసింది.

గేట్‌వే పాస్‌వర్డ్ ఉన్న సీనియర్ అన్నకి టీ, ఎగ్ బజ్జీ ఇప్పించి లాగిన్ అయ్యాం. క్యూ పొడవు, అంటే లైను ఖాళీ అయ్యేదాకా వరసలో ఆపి ఉంచే డేటా ముక్కలు, 1000 ప్యాకెట్లు అని ఉంది, ఎవరూ ముట్టుకోని డీఫాల్ట్. బజ్జీ కాగితం మీదే లెక్క వేశా. ప్యాకెట్ 1500 బైట్లు, అంటే 12,000 బిట్లు, వెయ్యి ప్యాకెట్లంటే కోటీ ఇరవై లక్షల బిట్లు. మా లైన్ సెకనుకి పంపేది కోటి. అంటే 1.2 సెకన్లు. అన్న ఆ కాగితం చూసి "ఓర్నీ" అన్నాడు.

డేటా ఎంత వేగంగా పంపాలో చూసుకునే టీసీపీకి మామూలుగా ప్యాకెట్ పడిపోతే గానీ దారిలో రద్దీ ఉందని తెలీదు. వెయ్యి ప్యాకెట్ల క్యూ పెడితే అవి పడిపోకుండా వరసలో కూర్చుంటాయి, పంపేవాడు అంతా బానే ఉందనుకుని ఇంకా పంపుతాడు. తిరుమలలో ఇంకో పది కంపార్ట్‌మెంట్లు కట్టినంత మాత్రాన దర్శనం లైను వేగంగా కదలదు, లోపల కూర్చునే టైమ్ పెరుగుద్ది అంతే. 1000 తీసి 50 చేశాం. ఒకే కమాండ్. పింగ్ వంద దగ్గరికి దిగింది, రెండు నిమిషాల్లో పై ఫ్లోర్ నుంచి ఎవడో "రేయ్ నెట్ వచ్చిందిరా" అని అరిచాడు. గ్రాఫ్‌లో మాత్రం అప్పుడూ అదే పది.

పొద్దున్నే గైడ్ గారికి చూపిస్తే "బానే ఉంది, కానీ నావెల్టీ ఏది?" అన్నారు. నిజం చెప్పాలంటే ఆయనదే కరెక్ట్. దీనికి బఫర్‌బ్లోట్ అని అప్పటికే పేరుందని, జిమ్ గెటిస్ అనే ఇంజనీర్ 2010లో తన ఇంటి లైను మీదే దీన్ని పట్టుకున్నాడని, 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ కలిసి కోడెల్ అని మందు కూడా రాశారని నాకు తర్వాత తెలిసింది. ఈ జేకబ్సనే 1986లో బర్క్‌లీ యూనివర్సిటీకి, నాలుగొందల గజాల దూరంలో ఉన్న లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ మధ్య 32 కేబీపీఎస్ స్పీడ్ కాస్తా 40 బీపీఎస్‌కి పడిపోతే ఎందుకా అని తవ్వి 1988లో పేపర్ రాశాడు, మన ఫోన్లలో టీసీపీ ఇవాళ్టికీ ఆ వంశమే. గెటిస్, జేకబ్సన్ ఇద్దరూ సిమ్యులేటర్‌తో మొదలుపెట్టలేదు, లైను పాడైతే దాని దగ్గర కూర్చున్నారు.

మరి నావెల్టీ ఉన్న నా థీసిస్ ఏంటంటారా? కదిలే వైర్‌లెస్ పరికరాలు (నోడ్లు) యాభై, వాటి మధ్య డేటాకి దారి వెతికే ఏఓడీవీ పద్ధతికి చిన్న మార్పు, 900 సెకన్ల సిమ్యులేషన్. నోడ్లు ఎలా కదలాలంటే ర్యాండమ్ వేపాయింట్, అందరూ అదే వాడతారు. ఒక్కో నోడ్ ఎక్కడో ఒక చోటు ఎంచుకుని, సెకనుకి 0 నుంచి 20 మీటర్ల లోపు ఏదో స్పీడ్‌తో అక్కడికి పోవాలి. ఒకడికి 0.1 మీటరు స్పీడ్ తగిలిందనుకోండి, 500 మీటర్లు పోవడానికి 5000 సెకన్లు. నా సిమ్యులేషనే 900! అలా ఒక్కొక్కడూ నత్తనడకలో ఇరుక్కుంటాడు, సగటు స్పీడ్ పడిపోతూనే ఉంటుంది. మిచిగన్ యూనివర్సిటీ వాళ్ళు 2003లోనే ఈ గొడవ పేపర్‌లో పెట్టారు, పదేళ్ళ తర్వాత కూడా నేనూ, మా బ్యాచ్‌లో ఇంకో నలుగురూ అదే సున్నా పెట్టి గ్రాఫులు గీశాం, వైవాలో ఎవరూ కనీస స్పీడ్ ఎంత అని అడగలేదు. అడిగింది ఫాంట్ సైజు. అమీర్‌పేటలో డబ్బులిస్తే ఇవే గ్రాఫులు సీడీలో పెట్టి ఇచ్చేవాళ్ళు, నేను సొంతంగా గీశానని అప్పట్లో గర్వం కూడా ఉండేది.

ఇంతకీ మీరడిగింది, మినినెట్. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2010లో తెచ్చారు, లోపల నడిచేది నిజం లినక్స్ కెర్నలే, మీ లాప్‌టాప్ చాలు. ఒక స్విచ్, రెండు హోస్టులు, డౌన్‌లోడ్ చేసుకునే హోస్టు వైపు లింకు మాత్రం 10 ఎంబీపీఎస్, క్యూ 1000 పెట్టి ఒక పెద్ద డౌన్‌లోడ్ నడుపుతూ పింగ్ కొట్టండి, మా హాస్టల్ మీ టేబుల్ మీదకొస్తుంది. వైర్‌లెస్ చేయాలంటే ఎన్ఎస్-3, కనీస స్పీడ్ సున్నా పెట్టకండి. ఏదైనా సరే, ముందు ఓ వారం రోజులు రాత్రిపూట మీ హాస్టల్ లైను పింగ్ లాగ్ తీయండి, టాపిక్ అందులోనే దొరుకుద్ది.

ఆ మెట్ల కింద డబ్బా సంగతంటారా, నేను వచ్చేసిన ఏడాదికి ఎవరో ఓఎస్ మళ్ళీ ఎక్కించారంట, క్యూ మళ్ళీ 1000.