షెడ్ల దగ్గరికి వెళ్లబోయే మా చిన్నికి

చిన్నీ,

బెంగళూరులో కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే మన తెలుగు కూలీలకి గర్భనిరోధం గురించి పంచాలని నువ్వు పంపిన కాగితాలన్నీ చదివాను. బొమ్మలు బాగా కుదిరాయి. అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయించు, రేకుల షెడ్లలో వెలుతురు తక్కువ. అయితే వచ్చే నెల వర్తూరు, బెళ్లందూరు వైపు వెళ్లగానే వీటిని పంచడం మొదలుపెట్టకు. ముందు ఆ దగ్గర్లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో, ఎన్ని గంటలకి మూసేస్తారో, పిల్లలు కాకుండా వేసే అంతర సూది ఏ రోజు వేస్తారో, ఛాయా అనే గర్భనిరోధక మాత్రలు స్టాకు ఉన్నాయో లేదో స్వయంగా వెళ్లి చూసుకుని రా. నీ మాట నమ్మి ఒకామె పని మానుకుని వెళ్తే, అక్కడ "స్టాకు లేదు, సోమవారం రా" అన్నారనుకో, ఆమె ఇంక వెళ్లదు. పక్క షెడ్డు వాళ్లని కూడా వెళ్లనివ్వదు.

ఇటుకలు మోసే మనిషికి ఒక పూట అంటే సగం కూలి. మేస్త్రీని అడిగి వెళ్లాలి. ఎందుకంటాడు. నలుగురు మగవాళ్ల ముందు ఏమని చెప్తుంది? చంటిపిల్లను ఎవరి దగ్గర వదలాలి? ప్రభుత్వం పేటల్లో పెట్టిన చిన్న ఆసుపత్రులు, ఆ నమ్మ క్లినిక్కులు వచ్చాక దూరం కొంత తగ్గిన మాట నిజమే కానీ, అవి చాలావరకు పనిచేసేది ఈమె పనిచేసే వేళల్లోనే. కాబట్టి మీ సంస్థ వాళ్లు అక్కడి సిస్టర్‌తో మాట్లాడి, నెలకో ఆదివారం ఆమెను షెడ్ల దగ్గరికే రప్పించగలిగితే, నీ కాగితాలు వెయ్యి పంచినదానికన్నా ఎక్కువ పని జరిగినట్టు. ఆశా కార్యకర్తలు నిరోధ్, రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలు ఇళ్ల దగ్గరే ఇవ్వాలనే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. కానీ ఆరు నెలలకి ఊడదీసే షెడ్లు చాలాచోట్ల ఏ ఆశా లెక్కలోనూ ఉండవు. ఆ షెడ్లు ఎవరి లెక్కలోకి వస్తాయో తేల్చుకోవడం నీ మొదటి వారం పని.

భాష సంగతి కూడా చూసుకో. సిస్టర్ కన్నడలో గడగడా చెప్పేస్తుంది, మనవాళ్లు తలూపి వచ్చేస్తారు. అనంతపురం వాళ్లకి అంతో ఇంతో అర్థమవుతుంది, శ్రీకాకుళం నుంచి వచ్చినామెకి ఒక్క ముక్క తెలియదు. మొదటిసారి తోడు వెళ్లు. లోపలికి రావాలా, బయట కూర్చోవాలా అన్నది మాత్రం ఆమెనే అడుగు.

ఇక అసలు విషయం. మనవాళ్లకి "పిల్లలు కాకుండా" అంటే ఒక్కటే గుర్తొస్తుంది, ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయిపోయిందని తేలింది. దేశం మొత్తం మీద చూస్తే అది 38 శాతం లోపే. మగవాళ్ల ఆపరేషన్ దేశంలో 0.3 శాతం. ఆపరేషన్ చెడ్డదని నేననను. ఇద్దరు పిల్లలు చాలనుకున్న మనిషికి అది నిశ్చింతే. నా గొడవల్లా, పద్దెనిమిదికి పెళ్లై ఇరవై రెండుకి ఆపరేషన్ చేయించుకునే పిల్లకి మధ్యలో ఉన్న ఆ నాలుగేళ్లు ఎవరికీ పట్టకపోవడం. మొదటి కాన్పు వాయిదా వేసుకోవచ్చని ఆ పిల్లకి ఎవరూ చెప్పరు. చంకలో బిడ్డకి ఏడాది నిండకుండానే మళ్లీ నెల తప్పుతుంది. రక్తం లేక మొహం తెల్లగా పాలిపోయి ఉంటుంది, అయినా తట్ట మోస్తుంటుంది. నువ్వు ముందు వెతుక్కోవలసింది ఈ పిల్లల్ని. ఆపరేషన్ అయిపోయిన అక్కలే నీ చుట్టూ ఎక్కువ చేరతారు, బాగా మాట్లాడతారు, నీ రిజిస్టరు ఇట్టే నిండిపోతుంది. కొత్త కోడళ్లు మాత్రం షెడ్డు తలుపు వెనకే ఉంటారు.

వాళ్లకి ఏది మంచిదో నువ్వు నిర్ణయించకు. మా ఉద్యోగం రోజుల్లో ఆపరేషన్లకి టార్గెట్లు ఉండేవి, ఇన్ని కేసులు తేవాలి, లేకపోతే జీతం ఆపుతామనేవాళ్లు. 1996లో వాటిని కాగితం మీద ఎత్తేశారు, పైవాళ్ల నోటి మీద చాలాకాలం ఉండిపోయాయి. 2014లో ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర ఒక క్యాంపులో ఆపరేషన్లు చేయించుకున్న ఆడవాళ్లు పదిమందికి పైగా చచ్చిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఆ క్యాంపు పద్ధతే మూడేళ్లలో మానెయ్యమంది. లెక్క కోసం మనిషిని తోలుకెళ్తే ఎక్కడ తేలుతుందో అందులో ఉంది. మీ సంస్థ నిన్ను "ఈ నెల ఎంతమందిని ఒప్పించావు" అని అడిగితే, ఎంతమంది అడిగినది వాళ్లకి దొరికిందో రాసివ్వు.

ఒక్కోదాని గురించి పుస్తకంలో ఉన్నది నీకు తెలుసు, పుస్తకంలో ఉండని భయాలు చెప్తాను.

అంతర సూది మూడు నెలలకొకటి. మొగుడికి గానీ అత్తకి గానీ తెలియకుండా వేయించుకోవచ్చు కాబట్టి చాలామంది ఇష్టపడతారు. కానీ మొదటి నెలల్లో మైల ఎప్పుడు పడితే అప్పుడు కనిపిస్తుంది, తర్వాత పూర్తిగా ఆగిపోవచ్చు కూడా. ఆగిపోగానే "చెడు రక్తం లోపలే గడ్డకడుతోంది" అని ఎవరో అంటారు, రెండో సూదికి రాదు. అలా ఏమీ గడ్డకట్టదని, ఆ మందు ఉన్నన్నాళ్లు గర్భసంచి పొర మందంగా పెరగదు కాబట్టి రాలేది లేదని సూదికి ముందే చెప్పాలి. తర్వాత చెప్తే సర్ది చెప్తున్నావనుకుంటారు. మానేశాక మళ్లీ కడుపు రావడానికి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు, ఏడాదిలో రెండో బిడ్డ కావాలనుకునేవాళ్లకి ఈ ముక్క దాచకు. ఇంకోటి, సంక్రాంతికి ఊరెళ్లిపోతారు, సూది తేదీ అక్కడ పడుతుంది. గడువుకి రెండు వారాలు ముందైనా, నాలుగు వారాలు వెనకైనా వేయించుకోవచ్చు. అంతర కార్డు ఫోటో ఆమె ఫోన్లో తీసి పెట్టు, ఊళ్లో పీహెచ్‌సీలో చూపిస్తే వేస్తారు. ఫోన్ మొగుడి దగ్గర ఉంటుందంటే ఫోటో వద్దు, ఆ కార్డుని తాయి కార్డు (ఇక్కడ గర్భిణులకి ఇచ్చే తల్లీబిడ్డల కార్డు) మడతలో పెట్టుకోమను.

ఛాయా మన దేశంలోనే, లక్నోలో కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన మాత్ర. హార్మోను కాదు. పాలిచ్చే తల్లి కూడా వేసుకోవచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. ఈ మార్పు దగ్గరే మనుషులు తికమక పడతారు. ముట్టు మొదటి రోజు ఆదివారం అయితే ఆదివారం, బుధవారం అని ఖాయం చెయ్యి. నాలుగో నెల నుంచి ఒక్క ఆదివారమే. మాలా-ఎన్‌లో 28 మాత్రలు ఉంటాయి కదా, చివరి ఏడూ ఇనుము బిళ్లలు. రంగు వేరుగా ఉండేసరికి పాడైపోయాయనుకుని పారేసినవాళ్లని చూశాను, అవి అయిపోయాక కొత్త అట్ట ఎందుకని ఆపేసినవాళ్లనీ చూశాను. అట్ట చేతికిచ్చి, ఏ వరసలో వేసుకుంటుందో వేలుపెట్టి ఆమెనే చూపించమను. నువ్వు చూపిస్తే లాభం లేదు. బీపీ చూడకుండా మాత్రం మాలా-ఎన్ మొదలుపెట్టించకు, ఆరు నెలల లోపు పాలు తాగే బిడ్డ ఉంటే అసలు వద్దు.

కాపర్ టీ గుండెకి ఎక్కుతుందని ఇప్పటికీ అంటారు. గర్భసంచికీ గుండెకీ దారి లేదు. మంచి సాధనం, 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది. నాకున్న అభ్యంతరం అది వేసే తీరు మీద. కాన్పు అయిన 48 గంటల్లోపు వేస్తారు. నొప్పులు పడుతున్న మనిషిని "వేసెయ్యమంటావా" అని అడిగి, ఆమె మూలిగితే ఒప్పుకున్నట్టు రాసుకోవడం అడగడం కాదు. ఏడో నెలలోనే మాట్లాడి ఉంచు, ఆమె వద్దంటే తాయి కార్డు మీద అదే రాయించు. తర్వాత ఎప్పుడు తీసెయ్యమన్నా తీసెయ్యాల్సిందే, "ఇంకో ఆర్నెల్లు చూడు" అని తిప్పి పంపితే నువ్వు వెంట వెళ్లి కూర్చో.

తెల్లబట్ట గురించి ఎవరూ నేరుగా అడగరు. నడుం నొప్పి అంటారు, నీరసం అంటారు, "మా పక్కింటామెకి" అంటారు. పక్కింటామె గురించే మాట్లాడుతున్నట్టు మాట్లాడు. వాసన, దురద, పుండు, కింద కడుపు నొప్పి ఉంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, మందులు ఉచితం. కలయిక వల్ల అంటుకున్న జబ్బు అయితే మొగుడూ మందు వేసుకుంటేనే పోతుంది, లేకపోతే నెలకే తిరగబెడుతుంది. ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకేం భయం అనుకునేవాళ్లే ఎక్కువ. ఆపరేషన్ గానీ, సూది గానీ, కాపర్ టీ గానీ జబ్బుల్ని ఆపవు, నిరోధ్ ఒక్కటే ఆపుతుంది. హెచ్‌ఐవీ సంగతులకి 1097 ఉచిత నంబరు, అది నీ కాగితం మీద లేదు, వేయించు.

నెల తప్పితే మెడికల్ షాపులో గర్భం పోయే మాత్రల కిట్ కొని మింగడం ఈ ఊళ్లో మామూలైపోయింది. తిట్టకు. తిడితే రక్తం ఆగకుండా పోతున్నా నీకు చెప్పరు. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచెయ్యవు, ప్రాణం మీదికొస్తుంది, అందుకే ముందు డాక్టరు చూడాలని చెప్పు. గర్భం తీయించుకోవడానికి చట్టం ప్రకారం పద్దెనిమిది నిండిన ఆడమనిషి సంతకం ఒక్కటి చాలు, మొగుడి సంతకం అక్కర్లేదు. 2021 సవరణ తర్వాత, వాడిన సాధనం విఫలమై గర్భం వస్తే పెళ్లి కానివాళ్లకీ 20 వారాల దాకా ఆ హక్కు ఉంది. 2022లో సుప్రీంకోర్టు 24 వారాల దాకా కొందరికి ఉన్న వీలు కూడా పెళ్లి కానివాళ్లకి వర్తిస్తుందంది. మొగుణ్ణి తీసుకురమ్మనే ఆసుపత్రులు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటిచోట వాదించి గెలిచేలోపు వారాలు గడిచిపోతాయి, ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లు. పద్దెనిమిది లోపు పిల్ల అయితే పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం ఉంది, ఆ విషయం నీ ఒక్కదాని మీద వేసుకోకు, వెంటనే మీ డాక్టరుకి చెప్పు.

మారతహళ్లి పీజీల్లో ఉండే మన అమ్మాయిల గురించి అడిగావు. వాళ్లకి నిరోధ్ ఆర్డరు పెడితే పది నిమిషాల్లో గుమ్మం దగ్గరికి వస్తుంది, అడ్డం వచ్చేది "పెళ్లయిందా?" అని కళ్లద్దాల మీంచి చూసే డాక్టరే. అలా చూడని డాక్టర్లు ఎవరో నలుగురిని అడిగి ఒక పట్టిక చేసి ఉంచు, వాళ్లకి అదే చాలు. అత్యవసర మాత్ర గురించి మాత్రం గట్టిగా చెప్పు. కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. వచ్చిన కడుపుని అది పోగొట్టదు. ప్రతివారం వాడేది కూడా కాదు.

2022లో ఈ ఊరి బడుల్లో సెల్‌ఫోన్ల కోసం పిల్లల సంచులు వెతికితే కండోములు దొరికాయని ఎంత గోల అయ్యిందో గుర్తుందా? ఈ మైసూరు రాజ్యంలోనే 1930లో, సంస్థానం వాళ్లే ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భనిరోధక క్లినిక్కులు పెట్టించారు. ఇప్పుడేమో, కండోములు దొరికిన పిల్లల్ని ఇంటికి పంపినవాళ్లకి వాళ్లతో కూర్చుని మాట్లాడే ఓపిక లేకపోయింది. నిన్ను బడికి పిలిస్తే వెళ్లు, కానీ టీచరు గదిలో లేకుండా చూసుకో.

మగవాళ్లతో నువ్వు మాట్లాడలేవు, మాట్లాడినా వినరు. మీ బృందంలో ఒక మగమనిషి ఉండాల్సిందే, వాళ్ల వయసువాడు, వీలైతే అదే పని చేసినవాడు. ఎమర్జెన్సీ కాలంలో పట్టుకెళ్లి ఆపరేషన్లు చేసిన కథలు తాతల నుంచి విన్నవాళ్లు, బరువులు ఎత్తలేమని భయపడతారు. కోత లేని పద్ధతిలో మగవాళ్ల ఆపరేషన్ పావుగంట పని, మగతనానికి ఏమీ కాదు, మూడు నెలలు మాత్రం నిరోధ్ వాడి, ఆ తర్వాత పరీక్ష చేయించుకోవాలి. ఆ మూడు నెలల మాట చెప్పకపోతే భార్యకి కడుపొస్తుంది, ఆమెని అనుమానిస్తాడు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో పుట్టిన మగవాళ్ల ఇంజెక్షన్ గురించి ఎవరైనా అడిగితే, 303 మంది మీద జరిగిన మూడో దశ ప్రయోగం ఫలితాలు 2023లో బాగానే వచ్చాయని, బజార్లో మాత్రం ఇంకా లేదని చెప్పు. నిరోధ్ పెట్టె ఎక్కడ పెట్టాలో వాళ్లనే అడగండి. మేస్త్రీ బల్ల పక్కన పెడితే ఎవరూ చెయ్యి పెట్టరు, స్నానాల గది దారిలో పెడితే వారంలో ఖాళీ. రేకు కింద ఎండ తగిలేచోట మాత్రం పెట్టొద్దు, వేడికి పాడవుతాయి.

సర్వే సంగతి చివర్లో రాశావు, నాకు టెన్షన్ పెట్టింది అదే. నలభై ప్రశ్నలట! అత్త పక్కన కూర్చుంటే మొదటి ప్రశ్న నుంచే అబద్ధాలు వస్తాయి. సగం ప్రశ్నలు కొట్టెయ్యమను. పేరు, షెడ్డు నంబరు ఒకే కాగితం మీద ఉండకూడదు. "మీకు పెళ్లయిందా" దగ్గర కాదనగానే మిగతా ప్రశ్నలు ఆగిపోయేలా తయారుచేశారు చూడు, దాన్ని మార్పించు. పెళ్లి కానివాళ్లు లెక్కలోకి రాకపోతే వాళ్లకి కావలసింది ఎవరూ తెప్పించరు. సంతకం పెట్టమనే ముందు, మధ్యలో లేచి వెళ్లిపోవచ్చని, వెళ్లినా మాత్రలు ఆగవని తెలుగులో చెప్పు, అది చెప్పాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లోనూ ఉంది. తేలింది ఏమిటో మళ్లీ వచ్చి వాళ్లకి చెప్తానని మాటివ్వు, వెళ్లి చెప్పు కూడా.

ఆ సిస్టర్‌తో మాట్లాడాక స్టాకు సంగతి నాకు ఫోన్ చెయ్యి. ఛాయా లేదంటే ఇండెంట్, అంటే సరుకు కావాలని రాసే కాగితం, ఎవరు పెట్టాలో, ఎవరి సంతకం కావాలో చెప్తాను.

మీ పెద్దమ్మ
రామమూర్తి నగర్, బెంగళూరు