సిటిజన్‌షిప్ వచ్చాక కూడా నోరు మూసుకునే ఉండాలా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాకు నాలుగేళ్ల కిందట అమెరికా పౌరసత్వం వచ్చింది. మా ఆవిడకు గ్రీన్ కార్డు ఉంది. మా అక్క కొడుకు ఎఫ్-1 వీసా మీద ఎమ్మెస్ చేస్తూ మా ఇంట్లోనే ఉంటున్నాడు. ప్రభుత్వం చట్టం గీసిన గీత దాటుతోందని నాకు గట్టిగా అనిపిస్తోంది. అధ్యక్షుడు ట్రంప్‌కు వ్యతిరేకంగా 2025 అక్టోబర్ 18న జరిగిన 'నో కింగ్స్' ర్యాలీకి వెళ్దామనుకున్నాను. "మనకెందుకండీ ఈ గొడవ, సిటిజన్‌షిప్ పీకేస్తారు" అని గుళ్లో తెలిసినవాళ్లు అనేసరికి ఆగిపోయాను. నిజంగా పీకేయగలరా? ఈసారి ర్యాలీ జరిగితే ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చా? ఇండియాలోలా ఇక్కడ పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేసే వీలుందా?

జవాబు: మీవాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు, కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. 1923లో ఆయన పౌరసత్వం కేసు సుప్రీంకోర్టులో ఓడిపోయింది. భారతీయులు తెల్లవాళ్లు కారు, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని కోర్టు తేల్చింది. ఆ తీర్పు పట్టుకుని ప్రభుత్వం, అప్పటికే పౌరులైపోయిన భారతీయుల మీద కూడా కేసులు వేసి, ఇచ్చిన పౌరసత్వాలు వెనక్కి లాక్కుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకుంటున్న వైష్ణో దాస్ బగాయ్ అలా పౌరసత్వం పోగొట్టుకుని, 1928లో ప్రాణాలు తీసుకున్నాడు. ఈ కేసుల వరసకు అడ్డుకట్ట వేసినవాడు సఖారాం గణేశ్ పండిట్. కాలిఫోర్నియాలో ప్రాక్టీసు చేస్తున్న మనదేశపు లాయరు. కోర్టు ఒకసారి పౌరసత్వం ఇచ్చి, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లకుండా ఊరుకున్నాక, ఏళ్ల తర్వాత దాన్ని తిరగదోడడం కుదరదని ఎదురునిలిచి, 1926లో అప్పీలు కోర్టులో గెలిచాడు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు కూడా ఆ జోలికి పోలేదు. మిగతా కేసులు అంతటితో ఆగాయి.

ఈ వందేళ్లలో చట్టం చాలా గట్టిపడింది. పౌరుడు తనంతట తాను వదులుకుంటే తప్ప ప్రభుత్వం పౌరసత్వం లాక్కోలేదని 1967లో ఆఫ్రోయిమ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దీనికి ముఖ్యమైన మినహాయింపు ఒకటుంది. పౌరసత్వం పొందేటప్పుడు మోసం చేసినా, అర్హత లేకుండా పొందినా రద్దు చేయవచ్చు. అదైనా ఏ అధికారో సంతకం పెట్టి చేసే పని కాదు. ప్రభుత్వం ఫెడరల్ జిల్లా కోర్టులో కేసు వేయాలి, సందేహానికి తావులేని సాక్ష్యం చూపించాలి. ఈ కొలమానాన్ని గట్టిగా నిలబెట్టింది 1943 నాటి ష్నైడర్‌మన్ కేసు. ఆయన కమ్యూనిస్టు పార్టీ మనిషి. ఆ రాజకీయాల కారణంగానే పౌరసత్వం రద్దు చేయాలని ప్రభుత్వం పట్టుబట్టింది. సుప్రీంకోర్టులో ఆయన తరఫున ఫీజు తీసుకోకుండా వాదించినవాడు ఎవరనుకుంటున్నారు? 1940లో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిగా నిలబడిన వెండెల్ విల్కీ. రెండో ప్రపంచ యుద్ధం నడుమ, అందరికీ కిట్టని పార్టీ మనిషి కోసం వాదించి గెలిచాడు. ఈ దేశపు న్యాయ చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టమిది.

కాబట్టి ర్యాలీకి వెళ్లారనో, అధ్యక్షుణ్ని తిట్టిపోశారనో మీ పౌరసత్వం రద్దు చేయలేరు. అయితే 2025 జూన్ 11న న్యాయశాఖ సివిల్ విభాగం ఇచ్చిన మెమోలో పౌరసత్వ రద్దు కేసులను తమ ప్రాధాన్యాల్లో చేర్చుకుంది. ఈ సివిల్ కేసులకు కాలపరిమితి కూడా లేదు. అందుకని మీరు భయపడాల్సింది ప్లకార్డు గురించి కాదు, నాలుగేళ్ల కిందట మీరు సంతకం పెట్టిన ఎన్-400 ఫారం, అంటే పౌరసత్వ దరఖాస్తు గురించి. దాని కాపీ తీసి, ఒక సాయంత్రం కూర్చుని, ప్రతి జవాబూ చదవండి. ఎప్పుడైనా అరెస్టు చేశారా, సైటేషన్ (పోలీసులు రాసిచ్చే నోటీసు) ఇచ్చారా అన్న ప్రశ్న దగ్గర ఆగండి. మనవాళ్లలో చాలామంది దానికి "లేదు" అని టిక్కు పెట్టి ముందుకు పోతారు. పాత డీయూఐ (తాగి బండి నడిపిన కేసు), షాపులో జరిగిన చిన్న గొడవ, కేసు కొట్టేశారు కదా అని మరచిపోయిన అరెస్టు, ఇవన్నీ అక్కడ రాయాల్సినవే. కన్సల్టెన్సీ రోజుల్లో పెట్టిన ఫేక్ ఎక్స్‌పీరియన్స్, లేని ఉద్యోగానికి నడిపిన పేరోల్ కూడా ఇలాంటివే. అక్కడ ప్రతి పొరపాటూ ప్రాణాంతకం కాదు. ఆ అబద్ధానికి పౌరసత్వం రావడంలో పాత్ర ఉండాలని 2017లో మస్లెన్యాక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది క్రిమినల్ కేసే అయినా ఆ తర్కం ఇక్కడా పనికొస్తుంది. ఏమైనా తేడా కనిపిస్తే ఫేస్‌బుక్ గ్రూపులో అడగకండి. ఒక ఇమిగ్రేషన్ లాయరుకు డబ్బు కట్టి, గది తలుపు మూసుకుని మాట్లాడండి. అంతా శుభ్రంగా ఉంటే నిశ్చింతగా ర్యాలీకి వెళ్లండి.

ఇక పిల్ సంగతి. మన దగ్గర 1981లో ఎస్పీ గుప్తా కేసు తర్వాత, తనకు సొంతంగా నష్టం జరగకపోయినా ప్రజల కోసం ఎవరైనా హైకోర్టు తలుపు తట్టవచ్చు. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో రిటైరైన ఉద్యోగి ఒకాయన చెరువు కబ్జా మీద పిటిషన్ వేస్తే కోర్టు వింటుంది. అమెరికా ఫెడరల్ కోర్టులో ఆ దారి లేదు. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం కేసు వేసినవారికి 'స్టాండింగ్' ఉండాలి. అంటే నష్టం మీకు, మీ సొంతానికి జరిగి ఉండాలి. అది ప్రభుత్వ చర్య వల్లే జరిగి ఉండాలి. కోర్టు ఆర్డరుతో అది సరి అయ్యేలా ఉండాలి. నేను పన్ను కడుతున్నాను కాబట్టి ప్రశ్నిస్తానంటూ వెళ్లిన ఫ్రాథింగ్‌హామ్ అనే ఆవిడను 1923లోనే సుప్రీంకోర్టు వెనక్కి పంపింది. ప్రజాస్వామ్యం పాడైపోతోందన్న మీ బాధ ఎంత నిజమైనా, దాని మీద జడ్జి విచారణ జరపలేడు.

కొరియా యుద్ధం రోజుల్లో, 1952 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ట్రూమన్ సమ్మె ఆపడానికని దేశంలోని ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకున్నాడు. ఆ అధికారం అధ్యక్షుడికి లేదని సుప్రీంకోర్టు జూన్ 2న 6-3తో కొట్టేసింది. అధ్యక్షుడి అధికారానికి హద్దు ఎక్కడ అన్నప్పుడల్లా ఇప్పటికీ లాయర్లు తీసేది ఈ తీర్పునే. కానీ కేసు వేసిందెవరో చూడండి. మిల్లులు చేజారిన కంపెనీలే. అధికారం హద్దు మీరినప్పుడు దెబ్బ తిన్నవాడే కోర్టుకెళ్లాలన్నది ఇక్కడి పద్ధతి. 2025 జూన్ 27న ట్రంప్ వర్సెస్ కాసా తీర్పుతో ఇది మరింత బిగిసింది. ఒక జిల్లా జడ్జి ఇచ్చే స్టే దేశమంతటికీ వర్తించేలా ఉండటం ఇక మామూలుగా కుదరదు. అయినా దారి మూసుకుపోలేదు. అమెరికాలో పుట్టిన కొందరు పిల్లలకు పౌరసత్వం ఇవ్వబోమన్న ట్రంప్ ఆర్డరు మీద, ఆ తీర్పు వచ్చిన రెండు వారాలకే, జూలై 10న న్యూ హాంప్‌షైర్ జడ్జి పిల్లలందరినీ ఒక క్లాసుగా కలిపి రక్షణ ఇచ్చారు.

మీకు నేను చెప్పే దారి ఇలాంటిదే. హక్కుల కోసం కోర్టులకెళ్లే సంస్థలో సభ్యుడిగా చేరండి. సభ్యుల్లో ఒక్కరికి నష్టం జరిగినా ఆ సంస్థ వాళ్ల తరఫున కేసు వేయగలదు. సభ్యత్వం తీసుకుంటే ప్రభుత్వం చేతికి పేరు వెళ్తుందేమోనన్న అనుమానం కూడా పాతదే. అలబామా రాష్ట్రం నల్లజాతివారి సంఘాన్ని సభ్యుల జాబితా ఇమ్మంటే, ఇవ్వనక్కర్లేదని 1958లో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ శ్రీమతి విషయం కొంచెం వేరు. ఈ దేశంలో ఉంటున్న విదేశీయులకూ వాక్‌స్వాతంత్ర్యం ఉందని 1945లో బ్రిడ్జెస్ కేసులో కోర్టు చెప్పింది. ఆయన ఆస్ట్రేలియాలో పుట్టిన రేవు కార్మిక నాయకుడు. 2025 సెప్టెంబర్ 30న బోస్టన్‌లో జడ్జి యంగ్ కూడా, పౌరులు కానివారికి పౌరులతో సమానంగా ఈ హక్కు ఉందని తీర్పు రాశారు. హక్కు ఉండటం ఒకటి, దాన్ని వాడుకున్నందుకు ఎదురయ్యే నరకం ఇంకొకటి. కొలంబియా యూనివర్సిటీలో పాలస్తీనా అనుకూల నిరసనల్లో పాల్గొన్న మహమూద్ ఖలీల్ గ్రీన్ కార్డు ఉన్నవాడే. నేరారోపణ ఏదీ లేకుండానే, విదేశాంగ విధానానికి అడ్డు అన్న సెక్షన్ కింద 2025 మార్చి 8న పట్టుకుని జూన్ 20 దాకా నిర్బంధంలో ఉంచారు. మీ ఆవిడ మీద పాత కేసులేమీ లేకపోతే, పగటిపూట జరిగే శాంతియుత ర్యాలీకి మీతో రావచ్చు. గ్రీన్ కార్డు మాత్రం దగ్గరే ఉంచుకోవాలి. అది చట్టం పెట్టిన నిబంధన కూడా. పోలీసులు చెదిరిపొమ్మంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. ఇక డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరు నమోదు గురించి అడిగితే "వద్దు" అనే చెప్పాలి. పొరపాటున పౌరురాలినని టిక్కు పెడితే దాన్ని సరిదిద్దడం చాలా కష్టం. ర్యాలీ కంటే నాకు ఆ టిక్కంటేనే ఎక్కువ భయం. ఎన్నికల అభ్యర్థికి ఆవిడ విరాళం ఇవ్వచ్చు. మీ మేనల్లుడు మాత్రం పది డాలర్లు కూడా ఇవ్వకూడదు.

ఆ కుర్రాణ్ని ర్యాలీకి తీసుకెళ్లొద్దు. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే హక్కు అతనికీ ఉంది. కానీ టఫ్ట్స్ యూనివర్సిటీలో చదువుతున్న రుమెయ్సా ఓజ్టుర్క్ చేసిందల్లా కాలేజీ పత్రికలో మరికొందరితో కలిసి ఒక వ్యాసం రాయడం. 2025 మార్చి 25న నడిరోడ్డు మీద పట్టుకుని లూసియానా తీసుకెళ్లారు. బయటికి రావడానికి ఆరు వారాలకు పైగా పట్టింది. అదే వసంతంలో చిన్నచిన్న పోలీసు రికార్డులు చూపించి వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల స్టేటస్ నమోదయ్యే ప్రభుత్వ రికార్డులు) రద్దు చేశారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. కోర్టులు వరసగా స్టేలు ఇచ్చాక ఏప్రిల్ 25న ప్రభుత్వం వెనక్కి తగ్గింది. వీసా రద్దు చేయడానికి ముందుగా విచారణ అక్కర్లేదు, దాని మీద కోర్టుకెళ్లే దారీ చాలా ఇరుకు. ఒక సెమిస్టర్ పోయి, ఇంటి మీద తెచ్చిన అప్పు మిగిలితే, ఏళ్ల తర్వాత వచ్చే గెలుపుతో అతనికి ఒరిగేది తక్కువ. అందుకే చెప్తున్నాను, ఇంట్లో పౌరుడు మీరు ఒక్కరే. ఆ ఇద్దరి తరఫునా మాట్లాడగలిగింది కూడా మీరే.

మీ కాంగ్రెస్ సభ్యుడికీ ఇద్దరు సెనేటర్లకూ రాయండి, ఫోన్ చేయండి, టౌన్‌హాల్ (జనంతో ముఖాముఖి సభ) పెడితే వెళ్లి మైకు అడగండి. వాళ్ల ఆఫీసులతో మనవాళ్లు సరిగ్గా వాడుకోని పని ఇంకొకటి ఉంది. మేనల్లుడి ఫైలు ఏ ఏజెన్సీలోనైనా అన్యాయంగా ఆగితే, అతను ప్రైవసీ రిలీజ్ (తన వివరాలు చూడటానికి అనుమతి) ఫారం మీద సంతకం పెట్టి మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు పంపవచ్చు. అక్కడి కేస్ వర్కర్ ఆ ఏజెన్సీని అడుగుతారు. ఓటు లేకపోయినా ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు.

ఇంటికి ఎవరైనా అధికారులు వస్తే తలుపు తీయకుండా, వారంట్ కాగితాన్ని తలుపు కింద నుంచి ఇమ్మనండి. పైన యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్ అని ఉందా, కింద జడ్జి సంతకం ఉందా చూడండి. ఐ-200 (ఇమిగ్రేషన్ శాఖ సొంతంగా ఇచ్చే వారంట్) అని ఉండి, సంతకం ఇమిగ్రేషన్ ఆఫీసరుదైతే దాంతో ఇంట్లోకి వచ్చే హక్కు లేదు. తుది బహిష్కరణ ఉత్తర్వు ఉన్నవాళ్ల విషయంలో ప్రభుత్వం ఇంకోలా వాదిస్తోంది గానీ, మీ ఇంట్లో అలాంటివారు లేరు.

ర్యాలీకి వెళ్లేముందు ఫోన్లో వేలిముద్ర, ఫేస్ లాక్ తీసేసి పాస్‌కోడ్ పెట్టుకోండి. అరెస్టు చేసినా వారంట్ లేకుండా ఫోన్ వెతకకూడదని 2014లో రైలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రక్షణ ఎయిర్‌పోర్టు ఇమిగ్రేషన్ దగ్గర పనిచేయదు. అక్కడ మీరు పాస్‌కోడ్ చెప్పనంటే ఫోన్ ఉంచేసుకోవచ్చు, కానీ పౌరుణ్ని దేశంలోకి రానివ్వకుండా ఆపలేరు. మేనల్లుణ్ని మాత్రం వెనక్కి తిప్పి పంపగలరు. సంక్రాంతికి ఊరెళ్లాలని అతనికి ఉంటే, టికెట్ కొనేముందు ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) మీద ట్రావెల్ సంతకం తాజాగా ఉందో లేదో యూనివర్సిటీ డీఎస్ఓను (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని) అడిగి తెలుసుకోమనండి.