డీబీలో ఎంత ఖాళీ వదలాలి: మేనల్లుడికి ఉత్తరం

విశాఖపట్నం

చి. మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మధురవాడ ఇంటి వైరింగ్ మొత్తం నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు అడిగింది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే వివరంగా రాస్తున్నాను. డీబీలో, అంటే ఇంట్లో సర్క్యూట్లన్నీ విడిపోయే డిస్ట్రిబ్యూషన్ బోర్డులో, ముందు ముందు కోసం ఖాళీ వదలాలని కోడ్‌లో ఉందా, ఉంటే ఓనరుగారికి చూపిస్తాను అన్నావు.

ఉంది. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ఎనిమిదో భాగంలో, ఎలక్ట్రికల్ పనుల దగ్గర, ప్రతి బ్రాంచి డిస్ట్రిబ్యూషన్ బోర్డులోనూ అదే కెపాసిటీ గల స్పేర్ సర్క్యూట్ (వాడకుండా ఉంచేది) కనీసం ఒకటి ఉండాలని రాశారు. అమెరికాలో అలాంటి రూలే లేదని ఓనరుగారి అబ్బాయి అన్నాడట కదా, అతను చెప్పింది నిజమే. అక్కడి కోడ్ ముఖ్యంగా భద్రత కోసం రాసింది. ముందు ముందు పెరిగే అవసరాలకు చోటు వదిలితే మంచిదని చెబుతుంది గానీ, ఇంత వదలాలని పట్టుబట్టదు. బ్రేకరు లేని కన్నాన్ని మాత్రం మూసి తీరాలంటుంది. ఫ్రాన్సులో ఇళ్ల బోర్డులకు 20 శాతం ఖాళీ అడుగుతారు. మనం కట్టేది ఇక్కడ కాబట్టి మన కోడే చూపించు.

అయితే ఆ ఒక్క స్పేర్‌తో ఆగిపోకు. అది గృహప్రవేశం కాకముందే పోతుంది, వంటింట్లో ఇండక్షన్ పొయ్యికి పవర్ పాయింటు కావాలంటారు. మన ఊళ్లో ఇదివరకు సముద్రపు గాలికి కిటికీ తీసుకుంటే సరిపోయేది. ఇప్పుడు ప్రతి బెడ్‌రూముకీ ఏసీ, ప్రతి ఏసీకీ విడి సర్క్యూట్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరు మనది, ఇన్వర్టరు వద్దనేవాళ్లు తక్కువ. దాని సర్క్యూట్లకు న్యూట్రల్ కూడా విడిగా ఉండాలి. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్‌కు కేంద్రం 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఇస్తోంది, ఇవాళ కాకపోయినా రేపు మేడ మీద పెడతారు. కారు చార్జరు 7.4 కిలోవాట్లదైతే సింగిల్ ఫేజులో 32 యాంపులు లాగుతుంది. ఓనరుగారి దగ్గర కూర్చుని వీటిలో ఏవి రావచ్చో ఒక్కొక్కటే అడుగు. వచ్చినవన్నీ కాగితం మీద పెట్టి, ఆపైన పావు వంతు ఖాళీ వదులు. నా లెక్క ఇదే.

ఆ ఖాళీని సర్క్యూట్లలో కాదు, మాడ్యూళ్లలో లెక్క పెట్టు. మాడ్యూల్ అంటే బోర్డులో ఒక మామూలు బ్రేకరు పట్టే వెడల్పు. రెండు పోల్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే బ్రేకరు) రెండు మాడ్యూళ్ల చోటు తింటుంది, నాలుగు పోల్స్‌ది నాలుగు. స్పేర్ అంతా ఒకే ఫేజు మీద పెట్టకు. ఆర్, వై, బీ మూడు ఫేజులకూ పంచు, లేకపోతే తర్వాత వచ్చే ఏసీలన్నీ ఒకే ఫేజు మీద పడతాయి. న్యూట్రల్ లింకులో, ఎర్త్ బారులో కూడా అన్నే స్క్రూలు ఖాళీగా ఉండాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

చోటు లేకపోతే ఏం జరుగుతుందో నీకు తెలుసు. ఒకే ఎంసీబీ (ఒక్కో సర్క్యూట్‌కి పెట్టే చిన్న బ్రేకరు) కింద రెండు వైర్లు దూరుస్తారు. స్క్రూ ఒక వైరునే సరిగ్గా పడుతుంది, రెండోది వదులై వేడెక్కుతుంది, ఇన్సులేషన్ కాలుతుంది. నేను చూసిన మాడిపోయిన బోర్డుల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే. ఇంకో సంగతి. ఇళ్ల ఎంసీబీలను 30 డిగ్రీల దగ్గర కాలిబ్రేట్ చేస్తారు. మే నెలలో, మూత వేసిన డబ్బాలో, ఏసీ ఎంసీబీలన్నీ పక్కపక్కనే ఉంటే రేటింగు కన్నా ముందే ట్రిప్ అవుతాయి. బరువు లోడ్ల మధ్య ఒక ఖాళీ మాడ్యూల్ వదిలితే ఆ గొడవ తగ్గుతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది పైపు. డీబీలో ఎంత ఖాళీ ఉన్నా, గోడలో దారి లేకపోతే అది అక్కరకు రాదు. ప్లాస్టరింగ్ కాకముందే ప్రతి డీబీ నుంచి సీలింగు పైకి రెండు 25 ఎంఎం ఖాళీ పైపులు వేయించు. మెయిన్ బోర్డు నుంచి మేడ మీదికి ఒకటి, కారు పార్కింగుకి ఒకటి. తర్వాత వైర్లు లాగడానికని లోపల జీఐ (జింకు పూత ఇనుప) వైరు వదలకు, ఉప్పుగాలికి తుప్పు పట్టి లాగినప్పుడు తెగుతుంది. నైలాన్ తాడు వదిలి రెండు చివరలూ మూసెయ్యి. డీబీలో వాడని ప్రతి కన్నానికీ బ్లాంకింగ్ ప్లేటు (మూసే బిళ్ల) పెట్టు. పిల్లల వేళ్లు గానీ, బల్లులు గానీ లోపలికి పోకూడదు.

ఓనరుగారికి ఒక్క మాట స్పష్టంగా చెప్పు. ఖాళీ ఉందంటే లోడు ఉన్నట్టు కాదు. కారు చార్జరు పెట్టే రోజున మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో కాంట్రాక్టెడ్ లోడు (ఇంటికి మంజూరైన లోడు) పెంచుకోవాలి, మీటరు నుంచి వచ్చే కేబులు, మెయిన్ స్విచ్చి దానికి తట్టుకోవాలి. ఆ కేబులు మటుకు ఇప్పుడే ఒక సైజు పెద్దది వేయించు, తర్వాత మార్చడం చాలా కష్టం. పెద్ద డబ్బాకు ఖర్చెక్కువని ఆయన అంటే, టైల్స్ వేసిన గోడ పగలగొట్టి మళ్లీ అతికించడానికి ఎంతవుతుందో మేస్త్రీ చేతే చెప్పించు.

డీబీలు ఆర్డరు ఇచ్చే ముందు సర్క్యూట్ల లిస్టు, ఏది ఏ ఫేజు మీద వేస్తున్నావో రాసి, ప్లాను ఫొటోతో సహా వాట్సాప్‌లో పంపు. చూసి అదే రోజు చెబుతాను.

మీ మావయ్య