లైసెన్సుకు గడువుంది కానీ పక్షవాతం వచ్చింది: నాన్నగారు కారు నడపవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి తగ్గింది. నడుస్తున్నారు, మాట స్పష్టంగానే ఉంది. కానీ కారు నడిపేటప్పుడు ఎడమవైపు బండ్లను గమనించడం లేదు. రెండుసార్లు గేటుకు రాసుకుంది. 75 ఏళ్లు నిండేదాకా లైసెన్సు ఉందంటూ మా మాట వినరు. కారు నా పేరున ఉంది. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మన చట్టంలో సొంత బండి నడపడానికి గరిష్ఠ వయసంటూ లేదు. 55 దాటాక లైసెన్సును ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, ఫారం 1ఏలో మెడికల్ సర్టిఫికెట్ పెట్టాలి. మీ నాన్నగారికి 70వ ఏట ఆ పని అయిపోయింది. మళ్లీ 75లోనే. మధ్యలో వచ్చిన జబ్బును ఎవరూ అడగరు కాబట్టి, చేతిలో కార్డు ఉన్నంత మాత్రాన నడపగలరని కాదు.

మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ ప్రకారం, తన జబ్బు వల్ల జనానికి ప్రమాదమని తెలిసీ నడిపితే మొదటిసారి 1,000, ఆ తర్వాత 2,000 రూపాయల వరకు జరిమానా. మొత్తం చిన్నదే. కానీ డిశ్చార్జి కాగితంలో డాక్టరు బండి నడపవద్దని రాసి ఉంటే, తెలియదనే మాట కోర్టులో చెల్లదు. ఎవరి ప్రాణమైనా పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు.

ముందు పరీక్ష చేయించండి. ఫారం 1ఏలో 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు చదవగలరా, రంగులు గుర్తుపట్టగలరా, రేచీకటి, చెవుడు ఉన్నాయా అని చూస్తారు. పక్షవాతం తర్వాత ఒకవైపు చూపు పోయినవారు కూడా ఎదురుగా ఉన్న ప్లేటును చక్కగా చదివేస్తారు! మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అదే అనిపిస్తోంది. కంటి డాక్టరు దగ్గర పెరిమెట్రీ (చుట్టూ ఎంతమేర కనిపిస్తోందో కొలిచే పరీక్ష) చేయించండి, న్యూరాలజిస్టు చేత శ్రద్ధ, స్పందన వేగం పరీక్షింపజేయండి. డ్రైవింగుకు పనికొస్తారా లేదా అన్నది స్పష్టంగా రాయించుకోండి. ‘ఆరోగ్యం నిలకడగా ఉంది’ అన్న వాక్యం మీకు ఎందుకూ పనికిరాదు. ఫలితం వచ్చేదాకా స్టీరింగు ముట్టుకోనివ్వకండి.

అప్పటికీ వినకపోతే మోటారు వాహనాల చట్టంలోనే 16వ సెక్షన్ ఉంది. జబ్బు వల్ల నడపలేరని నమ్మడానికి తగిన కారణాలు కనిపిస్తే లైసెన్సింగ్ అధికారి ఎప్పుడైనా లైసెన్సు రద్దు చేయవచ్చు, లేదా కొత్త మెడికల్ సర్టిఫికెట్ తెమ్మనవచ్చు. రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి: లైసెన్సు నంబరు, పక్షవాతం వచ్చిన తేదీ, గేటుకు తగిలిన రెండు సందర్భాలు, మీ దగ్గరున్న వైద్య కాగితాల నకళ్లు. కళ్లారా చూసింది మాత్రమే రాయండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నేరుగా రద్దు కోరకుండా సర్టిఫికెట్ అడగమని కోరడం మేలు, నాన్నగారి గౌరవమూ నిలుస్తుంది. రద్దు చేస్తే కారణాలు లిఖితపూర్వకంగా చెప్పాలి. ఆయన 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు.

కారు మీ పేరున ఉంది కాబట్టి తాళం ఇవ్వకుండా ఉండే హక్కు మీదే. రద్దయ్యాక కూడా ఇస్తే 180వ సెక్షన్ కింద మీకే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పైగా లైసెన్సు లేని డ్రైవరు చేసిన ప్రమాదమని బీమా కంపెనీ వాదిస్తుంది. బాధితులకు చెల్లించినా, ఆ సొమ్మును యజమానిగా మీ నుంచి రాబట్టుకోమని కోర్టు ఆదేశించవచ్చు.